మొత్తం లెక్క చూసి టీకాను తప్పుపట్టకండి, పిల్లల లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు వేసిన ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. హెపటైటిస్ బి కి టీకా వచ్చి 40 ఏళ్లు దాటింది, అయినా ప్రపంచంలో ఇంకా 25 కోట్ల మందికి ఆ వైరస్ ఉందని చెబుతున్నారు, మరి ఇన్నేళ్లు టీకాలు వేసి ఏం సాధించినట్టు అని ఆయన అడిగారు. కోపంతో అడిగారో, నిజంగా తెలుసుకోవాలని అడిగారో నాకు తెలియదు కానీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే, ఒకప్పుడు నాకూ అదే అనుమానం ఉండేది. నేను డాక్టర్ని కాదు. ఆ 25 కోట్ల మందిలో ఒకణ్ని. ఇరవై ఏళ్లుగా ఈ జబ్బు గురించి చేతికి దొరికిందల్లా చదువుతూ, డాక్టర్లను విసిగించి మరీ అడిగి తెలుసుకుంటూ వస్తున్నవాణ్ని. అందుకే కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు ఈ విషయం తెలిసింది రక్తదానం వల్ల. అప్పుడు నా వయసు 28. స్నేహితులతో కలిసి రక్తం ఇచ్చి వచ్చాను, వారం తర్వాత ఫోన్ చేసి ఒకసారి వచ్చి కలవమన్నారు. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అన్నారు. అంటే హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఉండే ప్రొటీన్ నా రక్తంలో కనిపించిందన్నమాట. నాకు అప్పటిదాకా కామెర్లు రాలేదు, అన్నం సహించకపోవడం లేదు, నీరసం లేదు, ఏమీ లేదు. ఎక్కడ అంటించుకున్నానా అని ఆ రాత్రంతా టెన్షన్ పడి పాత విషయాలన్నీ తవ్వుకున్నాను. మర్నాడు డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మీ అమ్మగారికి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అని.

అమ్మకి చేయించాం, పాజిటివ్. చెల్లికి చేయించాం, పాజిటివ్. నాన్నకి లేదు. చెల్లెలి కూతురికి, అప్పటికి దానికి ఐదేళ్లు, దానికీ పాజిటివ్. నలుగురం ఆ ఆస్పత్రి వరండాలో కాగితాలు పట్టుకుని కూర్చున్నాం. అమ్మ అయితే ఏదో నేరం చేసినదానిలా తల వంచుకుని కూర్చుంది. ఆ తర్వాత నాలుగేళ్లకి లివర్ క్యాన్సర్‌తో పోయింది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఆవిడ పుట్టేనాటికి ఈ వైరస్ ఒకటుందనే ఎవరికీ తెలియదు. బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో ఒక కొత్త ప్రొటీన్ చూసి, దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టి లోకానికి చెప్పింది 1965లో. అది హెపటైటిస్ బి వైరస్‌దేనని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మొదటి టీకాకి అమెరికాలో అనుమతి వచ్చింది 1981లో. నేను, చెల్లి అంతకుముందే పుట్టేశాం. కాబట్టి మా ముగ్గురి సంగతిలో టీకాని అనడానికి ఏమీ లేదు.

కానీ మేనకోడలి సంగతి వేరు. దానికి టీకా వేశారు. కార్డు మీద మూడు డోసులకీ తేదీలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి. మొదటి డోసు పడింది నెలన్నర వయసులో. ఆ కార్డు చెల్లి ఇప్పటికీ దాచి ఉంచింది. ఆ రోజు డాక్టర్ గారి ముందు పెట్టి "మరి ఇవన్నీ వేయించాం కదండీ, ఎందుకొచ్చింది?" అని ఏడ్చింది. మీ పాఠకుడి ప్రశ్నా, మా చెల్లి ఏడుపూ ఒకటే. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది కాబట్టి అది చెప్పనివ్వండి.

ఈ వైరస్ ఏ వయసులో సోకిందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లోపు దాన్ని ఒంట్లోంచి తరిమేస్తారు, కొందరికి కామెర్లు వచ్చి తగ్గుతాయి, కొందరికి వచ్చిందనే తెలియదు. ఏడాది నుంచి ఐదేళ్ల మధ్య సోకితే 30 నుంచి 50 శాతం మందిలో అది ఉండిపోతుంది. పుట్టేటప్పుడో, మొదటి ఏడాదిలోనో సోకితే 90 శాతం మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పసిబిడ్డ ఒంటికి అది శత్రువని ఇంకా తెలియదు, అందుకే పోట్లాడదు. అలా చిన్నప్పుడే పట్టుకున్నవాళ్లలో, వైద్యం లేకపోతే, సుమారుగా నలుగురిలో ఒకరు లివర్ గట్టిపడిపోవడం వల్లనో క్యాన్సర్ వల్లనో పోతారు. అదీ నలభైల్లో, యాభైల్లో, ఇంటి బరువు మోస్తున్న వయసులో.

అంటే ఒక జనాభాలో హెపటైటిస్ బి ఎంత ఉందన్నది ముఖ్యంగా పసిపిల్లలకి ఎంత సోకిందన్నదాని మీద నిలబడి ఉంటుంది. ఈ రోజు ఎవరైనా సర్వే చేసి పెద్దవాళ్లలో వందకి ఐదుగురికి ఉందని తేల్చారనుకోండి, ఆ ఐదుగురిలో ఎక్కువమందికి అది 30, 40, 50 ఏళ్ల కిందట సోకింది. ఆ అంకె ఈనాటి టీకా కార్యక్రమం గురించి చెప్పేది చాలా తక్కువ, టీకా లేని రోజుల్లో ఏం జరిగిందో చెబుతుంది.

టీకా నాలాంటివాడి ఒంట్లోంచి వైరస్‌ని తీసెయ్యదు. ఇంకా సోకనివాళ్లకి సోకకుండా ఆపుతుంది, అంతే. పెద్ద చెరువుకి ఎగువ నుంచి వచ్చే కాలువని మూసేశారనుకోండి. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే చెరువు నిండుగానే కనిపిస్తుంది. ఆ నీళ్లు ఇంకాలి, ఆవిరవ్వాలి, దానికి కాలం పడుతుంది. మా విషయంలో ఆ కాలం ఒక మనిషి జీవితకాలం. మాలో ఒంట్లోంచి దానంతటదే వైరస్ పోయేవాళ్లు ఏడాదికి నూటికి ఒకరుంటే ఎక్కువ. కాలువ మూశారా లేదా తెలుసుకోవాలంటే చెరువు మట్టం చూస్తే లాభం లేదు, కాలువ దగ్గరికే వెళ్లి చూడాలి. అంటే ఐదేళ్లలోపు పిల్లల్ని చూడాలి.

చైనా లెక్కలు చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అక్కడ 1992లో దేశమంతటా సర్వే చేశారు. 1 నుంచి 59 ఏళ్ల వాళ్లలో 9.75 శాతం మందికి వైరస్ ఉందని తేలింది. 2006లో మళ్లీ చేశారు, 7.18 శాతం. పద్నాలుగేళ్లు కోట్లకొద్దీ పిల్లలకి టీకాలు వేస్తే తగ్గింది నాలుగో వంతేనా అనిపిస్తుంది. ఇక్కడితో ఆగిపోతే మీ పాఠకుడు అన్నదే నిజమనిపిస్తుంది. కానీ అదే సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల వరస చూడండి. 1992లో 9.67 శాతం ఉన్నది 2006కి 0.96 శాతానికి వచ్చింది. పదో వంతు అయిపోయింది! 2014లో చూస్తే 0.32. ఒకే దేశం, ఒకే సర్వే, మొత్తం చూస్తే కొద్దిగా తగ్గినట్టు, పిల్లల్ని చూస్తే దాదాపు తుడిచిపెట్టినట్టు. పైగా 1992లో అక్కడ టీకా ఉంది కానీ తల్లిదండ్రులు డబ్బు కట్టి వేయించుకోవాలి, కాబట్టి లేనివాళ్ల పిల్లలు మిగిలిపోయేవారు. 2002లో దాన్ని ప్రభుత్వ కార్యక్రమంలో కలిపి, 2005 కల్లా పూర్తిగా ఉచితం చేశారు. డబ్బు అడ్డం తీసేశాకే ఆ మిగిలిపోయిన పిల్లలదాకా టీకా చేరింది.

అంతకన్నా ముందు మొదలుపెట్టింది తైవాన్. దేశం మొత్తం మీద పసిపిల్లలకి ఈ టీకా వేసే కార్యక్రమం పెట్టిన మొదటి చోటు అదే. 1984 జులైలో వైరస్ ఉన్న తల్లుల బిడ్డలతో మొదలుపెట్టారు, 1986 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకీ వేశారు. తైపే నగరంలో పిల్లల్లో 1984లో 9.8 శాతం మందికి వైరస్ ఉంటే, పదేళ్లకి 1994లో 1.3 శాతం, 1999లో 0.7 శాతం. ఇది చదివినప్పుడు సంతోషం వేసింది కానీ, నన్ను నిజంగా కదిలించిన అంకె ఇది కాదు. అక్కడే 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో వచ్చే లివర్ క్యాన్సర్‌ని లెక్కపెట్టారు. 1981 నుంచి 1986 వరకు ఏడాదికి లక్ష మంది పిల్లల్లో 0.70 ఉండేది, 1990 నుంచి 1994 మధ్య 0.36కి పడిపోయింది. సగం. ఒక టీకా వేస్తే క్యాన్సర్ తగ్గుతుందని మనుషుల్లో రుజువు కావడం అదే మొదటిసారి. అమ్మ పోయిన ఏడాది ఆ వ్యాసం దొరికింది నాకు. ఆ 0.70కి 0.36కి మధ్య ఉన్న తేడా చిన్న దశాంశంలా కనిపిస్తుంది కానీ, దాని వెనక ఎంతమంది తల్లులు బిడ్డల్ని పోగొట్టుకోకుండా మిగిలారో కదా అనుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

అలస్కాలో కూడా అంతే. అక్కడి ఆదివాసుల్లో ఒకప్పుడు ఈ వైరస్ చాలా ఎక్కువ, పిల్లల్లో లివర్ క్యాన్సర్ కూడా కనిపించేది. 1980ల మొదట్లో పసిపిల్లలతో పాటు పెద్ద పిల్లలకీ, పెద్దలకీ కలిపి టీకాలు వేశారు. 2000 వచ్చేసరికి అక్కడ ఆ పిల్లల్లో లివర్ క్యాన్సర్ కేసులు ఆగిపోయాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం టీకా రాకముందు లోకం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఈ వైరస్ ఉండేది. 2019కి అది 1 శాతం లోపుకి వచ్చింది. మీ పాఠకుడు చెప్పిన 25 కోట్లూ నిజమే, 2022 అంచనా 25.4 కోట్లు. ఆ రెండు అంకెలకీ గొడవేమీ లేదు. ఒకటి చెరువు, ఒకటి కాలువ.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. మాలాంటివాళ్ల సంఖ్య త్వరగా తగ్గకపోవడానికి మంచి కారణం కూడా ఒకటుంది. ఇప్పుడు మందులు ఉన్నాయి. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు వైరస్‌ని పూర్తిగా తీసెయ్యవు కానీ అణచిపెడతాయి, లివర్ పాడవకుండా కాపాడతాయి. నేను పదకొండేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. వైద్యం అందక నేను నలభైలోనే పోయి ఉంటే దేశం లెక్కలో ఒక కేసు తగ్గేది, శాతం కాస్త మెరుగ్గా కనిపించేది. నేను బతికి ఉన్నాను కాబట్టి లెక్కలో ఉన్నాను. అందుకే శాతం ఒక్కటే పట్టుకుని మంచిచెడ్డలు తేల్చకండి అంటున్నాను. ప్రపంచం మొత్తం మీద ఈ వైరస్ ఉన్నవాళ్లలో 2022 నాటికి ఆ సంగతి తెలిసినవాళ్లు 13 శాతమే, వైద్యం అందుతున్నది 3 శాతానికే. ఆ ఏడాది 11 లక్షల మంది పోయారు. ఆ బాధ వేరే ఉత్తరం అవుతుంది.

సరే, మేనకోడలి విషయానికి వస్తాను. మూడు డోసులు పడ్డ పిల్లకి ఎందుకొచ్చింది? తల్లి నుంచి బిడ్డకి ఈ వైరస్ సోకేది ఎక్కువగా కాన్పు సమయంలోనే, తల్లి రక్తం బిడ్డకి తగిలినప్పుడు. తల్లి ఒంట్లో వైరస్ జోరుగా ఉంటే, ఏ రక్షణా లేని పది మంది బిడ్డల్లో ఏడు నుంచి తొమ్మిది మందికి సోకుతుంది. అలా లోపలికి వెళ్లిన వైరస్ లివర్‌లో స్థిరపడేలోపే టీకా బిడ్డ ఒంటిని మేల్కొలపాలి. దానికున్న వ్యవధి చాలా తక్కువ, అందుకే 24 గంటల్లోపు, వీలైనంత ముందుగా మొదటి డోసు వెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నుంచి అన్ని దేశాలకీ చెబుతోంది. నెలన్నర తర్వాత వేస్తే ఆ తర్వాత తోటి పిల్లల నుంచి, ఇంట్లోవాళ్ల నుంచి సోకకుండా కాపాడుతుంది. అదీ తక్కువ మేలు కాదు, ఈ వైరస్ ఎండిన రక్తంలో కూడా ఏడు రోజులదాకా బతికి ఉంటుంది, ఆటల్లో తగిలిన దెబ్బలూ గోకుడు పుండ్లూ చాలు పిల్లల మధ్య పాకడానికి, ఆఫ్రికాలో చాలా చోట్ల ఎక్కువగా అలాగే పాకేది. కానీ పుట్టినప్పుడే సోకిన బిడ్డ విషయంలో నెలన్నర అంటే ఆలస్యమైపోయినట్టే. మా పిల్ల విషయంలో జరిగింది అదే. మా చెల్లికి గర్భంతో ఉన్నప్పుడు ఎవరూ ఈ పరీక్ష చెయ్యలేదు, పుట్టిన రోజు టీకా వెయ్యలేదు.

ఇక లెక్కల్లో మా మేనకోడలు ఎక్కడ ఉందో చూడండి. టీకా రిజిస్టర్‌లో అది "మూడు డోసులూ పూర్తి" అన్న గడిలో ఉంది. ఏ అధికారి చూసినా ఆ పిల్ల సురక్షితం. రక్తపరీక్ష సర్వే చేస్తే మాత్రం పాజిటివ్. ఇలాంటి పిల్లల్ని చూపించి టీకా పనిచెయ్యలేదని కొందరు అంటారు. టీకా పనిచేసేదే, దానికి సమయం ఇవ్వలేదు. ప్రపంచం మొత్తం మీద 2022 లెక్కల్లో మూడు డోసులు పడుతున్న పసిపిల్లలు నూటికి 80 మందికి పైనే, కానీ పుట్టిన వెంటనే డోసు అందుతున్నది నూటికి 45 మందికే, ఆఫ్రికా ప్రాంతంలో అయితే 18 మందికే. ఆ ఏడాది ఇంకా 12 లక్షల మందికి కొత్తగా సోకిందంటే ఈ సందు ఒక పెద్ద కారణం.

ఆ సందు ఎంత మామూలుగా ఏర్పడుతుందో మొన్ననే కళ్లారా చూశాను. అదే మేనకోడలికి ఈ మధ్య కాన్పు అయింది. ఈసారి అన్నీ తెలుసు కాబట్టి ముందే జాగ్రత్తపడ్డాం. వైరస్ ఎక్కువ ఉందని ఏడో నెల నుంచి టెనోఫోవిర్ ఇచ్చారు, బిడ్డ పుట్టగానే టీకా, దాంతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ (అంటే ఈ వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) వెయ్యాలని డాక్టర్ గారు ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టారు. శనివారం రాత్రి పాప పుట్టింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసేశారు. టీకా ఏదమ్మా అని అడిగితే డ్యూటీలో ఉన్న నర్సమ్మ చాలా మర్యాదగానే చెప్పింది, "రేపు ఆదివారం కదండీ, టీకా వేసేవాళ్లు ఉండరు. సోమవారం ఇంకో నలుగురు పిల్లలు కూడా ఉంటారు, అందరికీ కలిపి వేస్తారు. ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా తెరిస్తే మిగతాది పారెయ్యాలి, మమ్మల్ని అడుగుతారు."

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. నిజంగా లేదు. టీకా వృథా చెయ్యొద్దని ఆ అమ్మాయికి ఎవరో గట్టిగానే చెప్పారు, 24 గంటలు దాటకూడదని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. పైగా ఆ వృథా అన్న భయం కూడా అవసరం లేనిది. హెపటైటిస్ బి టీకా ద్రవరూపంలో ఉండేది, తెరిచిన సీసాని శుభ్రంగా, సరైన చల్లదనంలో, గడువు తేదీ లోపల వాడితే 28 రోజులదాకా మళ్లీ వాడుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల్లోనే ఉంది. తట్టు టీకాలాగా ఆరు గంటల్లో పారెయ్యాల్సిన పని లేదు. ఇది కాస్త వేడికి తట్టుకునే టీకానే, గడ్డకట్టించడమే దీనికి పడదు, ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. నేను ఇదంతా ఆ రాత్రి పదిన్నరకి వార్డు బయట నిలబడి చెప్పాను. ఆ అమ్మాయి విని, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన వచ్చి సీసా తీయించారు. పాప పుట్టిన మూడో గంటలో మొదటి డోసు పడింది.

అప్పుడు జరిగిన ఇంకో సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పక్క మంచం మీద అదే సాయంత్రం పుట్టిన ఇంకో బాబు ఉన్నాడు. సీసా ఎలాగూ తెరిచాం కదా అని వాడికీ వేశారు. వాళ్ల అమ్మకి ఈ టీకా సంగతే తెలియదు, ఎందుకు వేస్తున్నారో నన్నే అడిగింది. ఆమెకి ఈ వైరస్ ఉందో లేదో ఆమె ఫైల్‌లో ఎక్కడా లేదు. మేం గొడవ చెయ్యకపోతే ఆ బాబుకి సోమవారమే. ఒకవేళ సోమవారం వాళ్లు పొద్దున్నే డిశ్చార్జ్ అయి వెళ్లిపోతే నెలన్నరకే. మా మేనకోడలి కథే మళ్లీ మొదలు. ఒక బిడ్డ జీవితాంతం ఈ వైరస్‌ని మొయ్యాలా వద్దా అన్నది పక్క మంచం వాళ్ల మామయ్యకి నోరుందా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు కదండీ.

అందుకే ఈ టీకా అడిగినవాళ్లకీ, ప్రమాదం ఉందనుకున్నవాళ్లకీ వేస్తే చాలదు. ఆ పద్ధతి ఒకసారి చేసి చూశారు కూడా. అమెరికాలో 1982లో ఆస్పత్రి సిబ్బంది లాంటి ప్రమాదం ఎక్కువున్న వర్గాలకే ఈ టీకా సిఫార్సు చేశారు. చాలా పద్ధతిగా అనిపిస్తుంది, అవసరమైనవాళ్లకే వేస్తున్నాం కదా అని. కానీ దేశంలో జబ్బు అనుకున్నట్టు తగ్గలేదు, ఎందుకంటే ప్రమాదం ఎవరికి ఉందో ముందే తెలియదు, తెలిసినవాళ్లూ చాలామంది వచ్చి వేయించుకోలేదు. 1988లో గర్భిణులందరికీ పరీక్ష అన్నారు, చివరికి 1991లో ప్రతి పసిబిడ్డకీ వెయ్యాలన్నారు. ఆ తర్వాతే పిల్లల్లో కొత్త కేసులు బాగా పడిపోయాయి. తల్లికి పరీక్ష చేసి పాజిటివ్ వస్తేనే బిడ్డకి వేద్దాం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పరీక్ష తప్పకుండా చెయ్యాలి, నేనూ అదే కోరుకుంటాను, కానీ పరీక్ష జరగని తల్లీ, కాగితం పోయిన తల్లీ, పరీక్ష అయ్యాక సోకిన తల్లీ ఎప్పుడూ ఉంటారు. ఆ బిడ్డలకి మిగిలిన రక్షణ ఆ మొదటి డోసు ఒక్కటే.

భయాల గురించి కూడా ఒక మాట. ఫ్రాన్స్‌లో 1990ల్లో ఈ టీకా వల్ల మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వస్తోందని పెద్ద గొడవ జరిగింది. 1998లో బడుల్లో టీకా వెయ్యడం ఆపేశారు. తర్వాత చేసిన పెద్ద అధ్యయనాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ కూడా, టీకాకీ ఆ జబ్బుకీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని తేల్చాయి. కానీ పుట్టిన అనుమానం మాత్రం జనంలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. బిడ్డకి ఏదైనా అవుతుందేమో అని భయపడే తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకి కూర్చోబెట్టి చెప్పాలి, ఈ టీకాలో బతికిన వైరస్ ఉండదనీ, ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుందనీ, దానివల్ల ఆ జబ్బు సోకే అవకాశమే లేదనీ. ఎన్నాళ్లు పనిచేస్తుందని కూడా అడుగుతారు. కొన్నేళ్లకి రక్తంలో యాంటీబాడీలు తగ్గినా శరీరానికి ఆ జ్ఞాపకం ఉంటుంది, చిన్నప్పుడు వేసుకున్నవాళ్లకి మళ్లీ డోసు వెయ్యాల్సిన అవసరం మామూలుగా ఉండదు.

సంపాదకులకు నా విన్నపం ఒకటుంది. ఇకముందు మీ పత్రికలో హెపటైటిస్ బి గురించి వార్త వేసేటప్పుడు ఎంతమందికి ఉంది అన్న ఒక్క అంకెతో వదిలెయ్యకండి. ఐదేళ్లలోపు పిల్లల్లో ఎంత అన్నది విడిగా వెయ్యండి. మూడు డోసులు ఎంతమందికి పడ్డాయన్నది వేస్తే, పుట్టిన 24 గంటల్లోపు ఎంతమందికి పడిందన్నది కూడా దాని పక్కనే వెయ్యండి, అధికారుల్ని ఆ రెండో అంకే ముందు అడగండి. 2030 కల్లా ఐదేళ్లలోపు పిల్లల్లో ఈ వైరస్‌ని 0.1 శాతానికి, అంటే వెయ్యికి ఒకరికి తేవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యానికి ఎంత దగ్గరయ్యామో చెప్పేది ఆ రెండు అంకెలే. అలాగే దయచేసి ఈ జబ్బు వార్త పక్కన కలిసి భోజనం చేస్తున్నవాళ్ల ఫొటోలు వెయ్యకండి. ఇది కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, తల్లి పాలు ఇస్తే రాదు. ఆ ఒక్క అపోహ వల్ల అమ్మ చివరి నాలుగేళ్లు ఇంట్లో అందరితో కలిసి కూర్చుని తినలేదు, మేం ఎంత చెప్పినా వినలేదు. ఉత్తరం కింద నా పేరు వెయ్యొద్దని అడుగుతున్నది కూడా అందుకే, నా కోసం కాదు, మా మేనకోడలు ఉద్యోగం చేసే చోట ఇంకా ఎవరికీ తెలియదు.

పాపకి ఇప్పుడు ఎనిమిది నెలలు. డోసులన్నీ తేదీల ప్రకారం పడ్డాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ప్రభావం పోవాలి కాబట్టి తొమ్మిది నెలలు నిండాకే పరీక్ష చెయ్యాలన్నారు, వచ్చే నెల పన్నెండో తారీఖున తీసుకెళ్తున్నాం. చెల్లి అప్పుడే ఆ పాత కార్డు, ఈ కొత్త కార్డు ఒకే కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచింది.

ఇట్లు,
మీ పాఠకుడు